నెత్తి మీద అడుగుల చప్పుడు

ప్రశ్న: మేం ఒక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉంటున్నాం. సొంత ఫ్లాటే, వచ్చి ఏడాదిన్నర అయింది. ఆరు నెలల కిందట మా పై ఫ్లాట్‌లో ఒక కుటుంబం దిగింది. ఇద్దరు చిన్నపిల్లలు. రాత్రి పదిన్నరకి మొదలవుతుంది. పిల్లల పరుగులు, కుర్చీలు ఈడ్చడం, ఏదో బరువైనది ధబ్బున పడేయడం. పదకొండున్నర దాకా, ఒక్కోసారి పన్నెండు దాకా ఇదే వరస. సెక్యూరిటీ అతనితో రెండుసార్లు చెప్పించాం, ఫలితం లేదు. ఇక ఉండబట్టలేక ఒక రాత్రి ఆ చప్పుడంతా ఫోన్‌లో రికార్డు చేసి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. ‘ఏమీ వినిపించట్లేదే’ అని నలుగురు రాశారు. ఒకాయన నవ్వే బొమ్మ పెట్టాడు. పైఇంటావిడ ‘పిల్లల్ని కట్టేసి ఉంచమంటారా?’ అంది. అప్పటినుంచి లిఫ్ట్‌లో ఎదురుపడితే ఆవిడ ఫోన్ చూసుకుంటుంది, నేను అంతస్తుల నంబర్లు చూస్తుంటాను. మావారు తెల్లవారి ఐదున్నరకే లేచి ట్రెడ్‌మిల్ మీద అరగంట పరుగెత్తే మనిషి. నిద్ర చాలక రోజంతా చిరాకు పడుతున్నారు. కర్ర తెచ్చి సీలింగ్ మీద పొడుద్దాం అంటున్నారు. నాకైతే రాత్రి భోజనాలయ్యాయంటే చాలు, టెన్షన్ మొదలవుతోంది. వాళ్ళు ఊరెళ్ళిన రోజు కూడా నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ కర్ర సంగతి తేల్చేద్దాం. వద్దు. సీలింగ్ మీద పొడిస్తే పైవాళ్ళకి చేరేది మీ కోపం ఒక్కటే, మీ ఇబ్బంది ఏమిటో చేరదు. పైగా ఆ దెబ్బలు మీ పక్కింటికీ వినిపిస్తాయి. అక్కడినుంచి గ్రూప్‌లో మీ మీద కూడా ఒక ఫిర్యాదు పడుతుంది.

గ్రూప్‌లో నలుగురు ‘ఏమీ వినిపించట్లేదే’ అన్నాక మీకే ఒక అనుమానం వచ్చి ఉంటుంది, నేనే గోరంతని కొండంత చేస్తున్నానేమోనని. అలా ఏమీ లేదు. తప్పు మీ చెవిది కాదు, ఫోన్‌ది. పిల్లల మడమలు నేలకి తగిలినప్పుడు కింద వినిపించేది మందంగా, లోతుగా ఉండే ‘ధబ్’. అంత లోతైన శబ్దాన్ని పలికించడం ఫోన్‌లో ఉండే ఆ చిన్న స్పీకర్ వల్ల కాదు. అది ముఖ్యంగా మాటలు స్పష్టంగా వినిపించడానికి చేసిన వస్తువు. అందుకే మీకు గుండెల్లో మోగిన చప్పుడు వాళ్ళకి గాలి హోరులా వినిపించి ఉంటుంది. డెసిబెల్స్ చూపించే యాప్ ఒకటి దించుకుని, ఈసారి ఆ అంకెల స్క్రీన్‌షాట్ పెడదామని అనుకుంటున్నారేమో, అదీ వద్దు. మామూలుగా వాడే డెసిబెల్ కొలతలో లోతైన శబ్దాలని తక్కువ చేసి లెక్కగడతారు. మీ బాధకి అక్కడ కూడా తక్కువ మార్కులే పడతాయి.

ఇంకో సంగతి గమనించారా? ఉత్తరంలో అడుగుల చప్పుడు రాశారు, కుర్చీలు రాశారు, పడేయడం రాశారు. వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయని గానీ, టీవీ మోత అని గానీ ఎక్కడా లేదు. ఆరు నెలలుగా నెత్తి మీద కాపురం చేస్తున్న వాళ్ళ మాట ఒక్కటి కూడా మీ చెవిన పడలేదన్నమాట. గాలిలో వచ్చే శబ్దాన్ని కాంక్రీటు స్లాబు బాగానే ఆపుతుంది. అది బరువైనది, మాటలకి కదలదు. అదే స్లాబుని నేరుగా కొట్టారనుకోండి, మొత్తం డప్పులా అదిరి ఆ అదురు కింది గదిలోకి చప్పుడుగా దిగుతుంది. మడమ తగలడమూ కుర్చీ కాలు గీసుకోవడమూ ఈ కొట్టడం కిందికే వస్తాయి. డప్పు మీద వేలితో తట్టే వాడికి తను ఎంత మెల్లగా తడుతున్నాడో తెలుస్తుంది గానీ, డప్పు లోపల కూర్చున్న వాడికి ఎలా ఉంటుందో తెలియదు. పైఇంట్లో నిలబడి చూస్తే, పిల్లాడు ఉత్తికాళ్ళతో హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి పరుగెత్తడం టపటపమంటూ నాలుగు అడుగులు, అంతే. ‘పిల్లల్ని కట్టేసి ఉంచమంటారా’ అన్న మాట పొగరుతో అన్నట్టు మీకు అనిపించింది. నాకైతే ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయిందనిపిస్తోంది. తన ఇంట్లో ఏ గోలా లేని రాత్రి మీద పదిమంది ముందు ఫిర్యాదు వస్తే ఎవరైనా ఒంటికాలి మీద లేస్తారు.

దీని మీద నాకూ ఒక అనుభవం ఉంది, చెప్పుకోవడానికి కొంచెం సిగ్గు. చాలా ఏళ్ళ కిందట నేనున్న ఇంట్లో రాత్రి పదకొండు దాటాక టక్, టక్, టక్ అని సుత్తితో కొట్టినట్టు చప్పుడు వచ్చేది. పైవాళ్ళ పనే అని రెండు వారాలు పళ్ళు నూరుకున్నాను. వాళ్ళని ఏమనాలో మాటలన్నీ వరసగా పేర్చుకుని, ఒక రాత్రి లుంగీ మీదే పైకి వెళ్ళాను. తలుపుకి తాళం. తాళం మీద దుమ్ము. గడియ సందులో కొరియర్ వాడు పెట్టి వెళ్ళిన చీటీ, దాని మీద నెల కిందటి తేదీ. అక్కడే కాసేపు నిలబడి, పేర్చుకున్న మాటలన్నీ మింగేసి కిందికి దిగాను. చివరికి తేలిందేమంటే, అది నీళ్ళ పైపు. ఏదో అంతస్తులో వాషింగ్ మెషీన్ నీళ్ళు పట్టుకుంటూ ఒక్కసారిగా ఆపినప్పుడల్లా, వేగంగా వస్తున్న నీళ్ళు ఆగి పైపుని కొట్టేవి. గోడ వెంట ఆ దెబ్బ ఎక్కడికో వెళ్ళి మా సీలింగ్‌లో మోగేది. మీ కేసులో పిల్లల పరుగులు కాబట్టి పొరపాటు పడి ఉండరు. కానీ ఆ ‘బరువైనది పడేయడం’ మాత్రం నిజంగా మీ పైఇంటిదేనా అన్నది తేల్చుకోండి. కట్టడంలో చప్పుడు నిటారుగానే దిగాలని లేదు, ఏటవాలుగా పక్క ఫ్లాట్ నుంచి కూడా వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసినది చివరి మాట. వాళ్ళు ఊరెళ్ళిన రోజు కూడా నిద్ర పట్టట్లేదన్నారు. అంటే ఇప్పుడు మీ నిద్ర చెడగొడుతున్నది చప్పుడొక్కటే కాదు. దాని కోసం చెవులు రిక్కించి ఎదురుచూడడం కూడా. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అని ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు 1972లో పుస్తకంగా వచ్చాయి. కొంతమందిని గదిలో కూర్చోబెట్టి, పని చేస్తున్నంతసేపూ చెవులు చిల్లులు పడే మోత వినిపించారు. 108 డెసిబెల్స్. వాళ్ళలో కొందరికి చేతి దగ్గర ఒక బటన్ ఇచ్చి, ‘భరించలేకపోతే నొక్కండి, మోత ఆగిపోతుంది, నొక్కకపోతే మాకు మంచిది’ అన్నారు. ఆ మాట మన్నించి నొక్కలేదు వాళ్ళు. రెండు గుంపులూ విన్నది ఒకే మోత. కానీ ఆ తర్వాత చిక్కుముడులు ఇస్తే, బటన్ ఉన్నవాళ్ళు ఎక్కువసేపు పట్టుబట్టి కూర్చున్నారు, అచ్చుతప్పులు దిద్దమంటే మెరుగ్గా దిద్దారు. ఆపగలం అన్న ధీమా చాలింది వాళ్ళకి. ఎప్పుడు మోగుతుందో ముందే తెలిసిన మోత కన్నా, ఎప్పుడు పడితే అప్పుడు మోగే మోత ఎక్కువ నష్టం చేసిందని కూడా అదే ప్రయోగాల్లో తేలింది. మీ చేతికి అలాంటి బటన్ ఒకటి రావాలి. గ్రూప్‌లో పెట్టే పోస్టు మాత్రం బటన్ కాదు.

బటన్ ఉండేది పైఇంటావిడ దగ్గర. ఆవిడతో మీరు ఇప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు! సెక్యూరిటీ అతను మాట్లాడాడు, గ్రూప్ మాట్లాడింది. మీరిద్దరూ మాత్రం ఆరు నెలలుగా ఎడమొహం పెడమొహం. ఇందులో మీ తప్పు ఉందని కూడా అనను. అపార్ట్‌మెంట్ కట్టడమే అలా ఉంటుంది. అమెరికాలో ఎమ్ఐటీ విద్యార్థుల కుటుంబాలు ఉండే ఇళ్ళ సముదాయంలో ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు లెక్కకట్టి 1950లో అచ్చు వేశారు. ఒకే అంతస్తులో పక్కపక్క తలుపుల వాళ్ళలో 41 శాతం మంది దగ్గరి స్నేహితులయ్యారు. అదే అంతస్తులో ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్ళలో 10 శాతమే. కింది అంతస్తు వాళ్ళకి పై అంతస్తులో స్నేహితులు తక్కువ, మెట్ల దగ్గరా ఉత్తరాల డబ్బాల దగ్గరా ఇళ్ళున్న వాళ్ళకి తప్ప. ఎందుకంటే పైవాళ్ళు రోజూ వాళ్ళ గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి కదా. మీకూ పైవాళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క స్లాబే, కానీ మీ దారులు ఎక్కడా కలవవు. కలిసేది లిఫ్ట్‌లో. అక్కడ ఫోన్ ఉంది, నంబర్లు ఉన్నాయి.

అయితే పైకి వెళ్ళి మాట్లాడండి అని చెప్పి ఊరుకుంటే ఈ జవాబు సగంలోనే ఆగిపోతుంది. ఇంత జరిగాక తలుపు తట్టి ఏమని మొదలుపెడతారు? అదే కష్టం.

ఇక్కడే మీరు ఉత్తరంలో యథాలాపంగా రాసిన ఒక వాక్యం పనికొస్తుంది. మీవారు తెల్లవారి ఐదున్నరకి ట్రెడ్‌మిల్ మీద అరగంట పరుగెత్తుతారు. మీరుండేది రెండో అంతస్తు. మీ కింద ఒకటో అంతస్తులో ఎవరున్నారు? ఉత్తరంలో వాళ్ళ ఊసే లేదు. డెబ్భై ఎనభై కిలోల మనిషి మోటారు బల్ల మీద అడుగు వెంట అడుగు వేస్తూ అరగంట పరుగెత్తడమంటే, పైపిల్లల టపటపలు దాని ముందు ఏపాటి? వాళ్ళు ఇంతవరకూ గ్రూప్‌లో ఏమీ పెట్టలేదంటే, వినిపించట్లేదని కాకపోవచ్చు. మొహమాటపడే మనుషులై ఉండొచ్చు. మీ సంగతి గ్రూప్‌లో చదివి, ట్రెడ్‌మిల్ గుర్తొచ్చి, తమలో తాము ఏమనుకున్నారో!

దెప్పడానికి చెప్పట్లేదు. ముందు కిందికి వెళ్ళండి, ఆ తర్వాతే పైకి. కిందింటివాళ్ళకి ముందురోజే చెప్పి, వాళ్ళు సరేనంటే, పొద్దున మీవారు పరుగెత్తే వేళకి వాళ్ళ బెడ్‌రూమ్‌లో రెండు నిమిషాలు నిలబడండి. ‘మా ట్రెడ్‌మిల్ మీకు ఇబ్బందిగా ఉందా?’ అని ఊరికే అడిగితే ‘అబ్బే, ఏం లేదండీ’ అంటారు. మొహమాటంతో వచ్చే జవాబు అది. చెవితో వినాలి.

ఆ రోజు సాయంత్రమో మర్నాడో, పిల్లలు నిద్రకి ముందు మారాం చేసే వేళ కాకుండా, వెలుతురు ఉండగా పైకి వెళ్ళండి. మీవారిని తీసుకెళ్ళకండి, ఇద్దరు వెళ్తే దండెత్తి వచ్చినట్టుంటుంది. మొదటి మాట ఫిర్యాదు కాకూడదు. ‘గ్రూప్‌లో పెట్టడం నా తొందరపాటు, ముందు మీతో మాట్లాడాల్సింది’ అనండి. ఇది తప్పు ఒప్పుకోవడమే, అవును. రెండో మాట మీ దగ్గర తయారుగా ఉంటుంది: ‘మా ట్రెడ్‌మిల్ కిందివాళ్ళకి ఎలా వినిపిస్తుందో నిన్ననే వాళ్ళింట్లో నిలబడి విన్నాను. ఏడాదిన్నరగా మాకు తెలియనే తెలియదండీ.’ ఈ మాట తర్వాత ఆవిడకి మీతో పోట్లాడాల్సిన అవసరం ఉండదు. చప్పుడు చేసేవాళ్ళు, పడేవాళ్ళు అని రెండు జట్లు ఉండవు అక్కడ. మీరూ ఒకరి నెత్తి మీదే ఉన్నారు.

అప్పుడు ఆవిడని మీ ఇంటికి పిలవండి. పిల్లల్ని పైనే వాళ్ళ నాన్న దగ్గర వదిలి రమ్మనండి. వాళ్ళని మామూలుగా ఆడుకోనివ్వండి, ఒక కుర్చీ జరపమనండి. ఆవిడ మీ మంచం మీద కూర్చుని సీలింగ్ వైపు చూస్తుంది. మీరేమీ మాట్లాడొద్దు. వంద పోస్టులు చేయలేని పని ఆ రెండు నిమిషాలు చేస్తాయి. పైఇంటిదే అనుకున్న ఏ చప్పుడైనా అక్కడిది కాదని తేలినా మంచిదే.

ఇక మరమ్మతుల సంగతి. చప్పుడు పుట్టే చోట ఆపడం తేలిక, వినిపించే చోట ఆపడం కష్టం. మీరు ఫాల్స్ సీలింగ్ వేయిద్దామనుకుంటే తొందరపడకండి. మామూలు ఫాల్స్ సీలింగ్‌ని కమ్మీలతో స్లాబుకే గట్టిగా బిగిస్తారు, స్లాబు అదురు ఆ కమ్మీల గుండానే దిగుతుంది. రబ్బరు హ్యాంగర్లు, లోపల దూది లాంటి పరుపు వేసి ప్రత్యేకంగా చేయిస్తే కొంత గుణం ఉంటుంది గానీ, అది పెద్ద పని. అదే పైన కుర్చీలకీ బల్లకీ కాళ్ళ కింద ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ) ముక్కలు గానీ రబ్బరు తొడుగులు గానీ వేస్తే ఆ గర్రుమనే మోత పూట తిరక్కుండా తగ్గిపోతుంది. తొడుగులు మీరే కొని తీసుకెళ్ళండి, ఆవిడ కొంటుందని ఎదురుచూడకండి. పిల్లలు పరుగెత్తే దారిలో, ముఖ్యంగా మీ బెడ్‌రూమ్ మీద పడే భాగంలో, కింద మెత్తటి పొర ఉన్న మందపాటి తివాచీ పరిస్తే అడుగుల చప్పుడు పదును పోతుంది. పూర్తిగా పోదు. మడమ దెబ్బలోని ఆ లోతైన ‘ధబ్’ కొంత మిగులుతుంది. ఆ మిగిలినదానికి వేళ పెట్టుకోవాలి.

వేళ అడిగేటప్పుడు ‘రాత్రిపూట చప్పుడు వద్దు’ అని అడగకండి. పిల్లలున్న ఇంట్లో అది జరిగే పని కాదు, ఆవిడ ఒప్పుకున్నా నిలబెట్టుకోలేదు. ‘పదిన్నర తర్వాత పరుగులు మా బెడ్‌రూమ్ మీద పడని గదిలో పెట్టుకోగలరా’ అని అడగండి. లేదా పదకొండు అనండి. గడియారం మీద ఒక గీత ఉంటే చాలు, దానికి ముందు వచ్చే చప్పుడు కూడా మీకు అంత బాధగా ఉండదు. ఎప్పుడు ఆగుతుందో తెలుసు కాబట్టి. ఆ తర్వాత ఆవిడ నంబర్ తీసుకుని, ‘మరీ ఇబ్బందైతే ఒక మెసేజ్ పెడతాను, ఏమీ అనుకోరుగా’ అని అడిగి ఉంచుకోండి. మీ బటన్ అదే. వారానికోసారి కన్నా నొక్కకండి. నొక్కకపోయినా అది పనిచేస్తుందని ఆ ప్రయోగం చెప్పింది కదా.

ఈలోపు మీ గదిలో మీరు చేసుకోగలిగింది కొంత ఉంది. పడకగదిలో చప్పుడు సగటున 30 డెసిబెల్స్ దాటకూడదనీ, ఒక్కోసారి వచ్చే విడి చప్పుళ్ళు 45 దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. రెండు అంకెలు ఎందుకిచ్చారంటే, నిద్ర చెడగొట్టేది సగటు ఒక్కటే కాదు, నిశ్శబ్దంలోంచి ఉన్నట్టుండి వచ్చే దెబ్బ కూడా. అందుకని గది మరీ నిశ్శబ్దంగా ఉంచుకోవడం ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ఒకే తీరుగా తిరిగే ఫ్యాన్ హోరు ఆ దెబ్బల్ని కొంత మింగేస్తుంది. చెవుల్లో పెట్టుకునే స్పాంజి ప్లగ్గులు మాటలకి బాగా పనిచేస్తాయి, ‘ధబ్’కి అంతగా కాదు. వీలైతే కొన్నాళ్ళు మంచం వేరే గదిలోకి మార్చి చూడండి. ఓడిపోయినట్టు అనుకోకండి, పది రోజులు సరిగ్గా నిద్రపోయిన మనిషి పైకి వెళ్ళి మాట్లాడే తీరే వేరు.

ఇంత చేసినా ఆవిడ తలుపు మొహం మీదే వేసిందనుకోండి. అప్పుడు అసోసియేషన్‌కి కాగితం మీద రాసివ్వండి. రెండు వారాల పాటు ఏ రోజు, ఏ వేళ, ఎంతసేపు, ఏ చప్పుడు అన్నది ఒక పుస్తకంలో రాసుకుని దాన్ని జతచేయండి. ‘ఎప్పుడూ’, ‘రోజూ’ అన్న మాటలు వాడొద్దు, రెండు ప్రశాంతమైన రాత్రులుంటే అవి కూడా రాయండి, అప్పుడే మిగతావి నమ్ముతారు. ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని మధ్యలో కూర్చోమనండి. అంతదూరం వెళ్ళదనే నా నమ్మకం.

ఆ గ్రూప్‌లో రికార్డింగ్ కింద ఇవాళే ఒక్క వాక్యం రాసేయండి: ‘దీని గురించి నేరుగా మాట్లాడుకుంటాం, ఇక్కడ పెట్టినందుకు సారీ.’ నవ్వే బొమ్మ పెట్టినాయనకి ఏమీ చెప్పక్కర్లేదు.

మిగిలింది ట్రెడ్‌మిల్. కింద పల్చటి రబ్బరు మ్యాట్ వేసినంత మాత్రాన సరిపోదు. మందంగా, మెత్తగా ఉండాలి. హాలు నట్టనడుమ స్లాబు ఎక్కువ అదురుతుంది, గోడ వారగా, దూలం దగ్గరగా తక్కువ. కిందివాళ్ళు పడుకునే గది మీద కాకుండా చూసుకోండి. యంత్రం బరువు ఎక్కువే, ఒక్కరి వల్ల కదలదు. సీలింగ్ పొడిచే ఓపిక ఉన్న మనిషి ఇంట్లోనే ఉన్నారు కదా, అటువైపు పట్టుకోమనండి.